పదహారో కాగితం

"ఇంకోసారి లెక్కపెట్టు టీచరమ్మా. పదహారు ఉండాలి," అంది సూపరింటెండెంట్ మేడమ్.

"పదిహేనే మేడమ్," అంటూ టీచరమ్మ జవాబు పత్రాల కట్టను బల్ల మీద పెట్టింది.

ఆ ఆడవాళ్ల జైలు వెనక పెరట్లో చెత్తను ఎరువుగా మార్చే శిక్షణ మొదలై ఏడేళ్లయింది. ఏడేళ్లుగా పాఠం చెప్పేది టీచరమ్మే. తడి చెత్తేదో పొడి చెత్తేదో తెలియకుండా వచ్చినవాళ్లు కూడా ఆరు నెలలు తిరిగేసరికి వాసన చూసి కుప్ప ఆరోగ్యం చెప్పేస్తారు. ఈసారి ఊరి అవతలి ఎరువుల కంపెనీ ఒక ఉద్యోగం ఇస్తానంది. ఒకటంటే ఒకటే. పరీక్షలో మొదట వచ్చినవాళ్లు శిక్షలో మిగిలిన కాలమంతా కంపెనీ క్వార్టర్స్‌లో ఉండి పనిచేసుకోవచ్చు. పిల్లలుంటే దగ్గర పెట్టుకోవచ్చు.

కంపెనీ మేనేజరు కుర్చీ ముందుకు జరుపుకుని పై కాగితం తీశాడు. మర్యాదస్తుడే కానీ, వచ్చినప్పటి నుంచి రెండుసార్లు తలుపు వైపు చూసుకున్నాడు.

"ఫస్టు వచ్చినావిడకి డెబ్భై ఒకటేనా మేడమ్?" అన్నాడు టీచరమ్మతో. "మా ప్రశ్నలు మరీ కష్టంగా ఉన్నాయా?"

"ప్రశ్నలు బాగానే ఉన్నాయి బాబూ. ఈ పిల్లకి రాతే కాస్త కష్టం. చేతిపనిలో దిట్ట."

"ఆ పదహారో కాగితం ఏమైంది?" మేడమ్ వదల్లేదు.

"తీసేశాను."

"ఎందుకు?"

"ఆ మనిషికి బయటికెళ్లి పనిచేసే ఉద్దేశం లేదు మేడమ్."

మేనేజరుకు కుతూహలం కలిగింది. "నేనోసారి చూడొచ్చా?"

"కుప్పలో వేసేశాను బాబూ. కాగితం కూడా మగ్గుతుంది కదా."

మేనేజరు నవ్వాడు. మేడమ్ నవ్వలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఆ మనిషికి బయట ఎవరైనా ఉన్నారేమో ఆలోచించావా?"

"ఉన్నది ఒక్క అన్నయ్య. రాసిన ఉత్తరం రాసినట్టే తిరిగొస్తోంది." బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది టీచరమ్మ. చెప్పాక లోపల ఎక్కడైనా కలుక్కుమంటుందేమోనని ఒక్క క్షణం ఆగి చూసుకుంది. ఏమీ లేదు. ఈ మధ్య ఏదీ తగలడం లేదు.

"ఇలాంటి అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుందో టీచరమ్మా."

"పదండి మేడమ్, ఆ పిల్ల పెరట్లో ఎదురుచూస్తోంది."

ఆ పిల్లకు గడుగ్గాయి అని పేరు పెట్టింది టీచరమ్మే. నోరు విప్పితే పెరడంతా గోల. ఇవాళ మాత్రం ఆకుపచ్చ ఏప్రన్ అంచు నలుపుకుంటూ నోట్లో నాలుక లేనిదానిలా నిలబడింది. దాని ఐదేళ్ల కూతురు అక్క ఇంట్లో పెరుగుతోంది. ఇక పెట్టుకోలేమని, వచ్చే నెల అనాథాశ్రమంలో చేర్చేస్తానని బావ కబురు పెట్టాడు.

టీచరమ్మ కూడా ఏప్రన్ తగిలించుకుని, మొదటి కుప్పలో గుచ్చి ఉన్న ఇనుప కడ్డీని బయటికి లాగింది. "వేడి సరిగ్గా ఉంది," అంటూ మేనేజరుకు అందించింది. పట్టుకోబోయి అతను చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మీకు కాలడం లేదా మేడమ్?"

"అలవాటైపోయింది."

మేనేజరు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని మూలనున్న రెండో కుప్ప చూపించాడు. "ఇది కంపు కొడుతోంది. ఏం చేస్తావమ్మా?"

గడుగ్గాయి బిక్కమొహం వేసుకుని టీచరమ్మ వైపు చూసింది. టీచరమ్మ గోడ వైపు చూసింది. ఇక తప్పదని గడుగ్గాయి వంగి, ఒక పిడికెడు తీసి గట్టిగా పిండింది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి.

"ఒకటో రెండో చుక్కలు రావాలి సార్. ఇది కుళాయిలా కారుతోంది. లోపలికి గాలి ఆడటం లేదు. ఎండుటాకులు కలిపి తిరగేస్తే నాలుగు రోజుల్లో కంపు పోతుంది."

"ఇంత అన్యాయంగా ఎవరు పాడుచేశారు దీన్ని?"

"టీచరమ్మే సార్. పరీక్ష అంటే చాలు, రెండు రోజుల ముందు నుంచే బకెట్లతో నీళ్లు పోస్తుంది."

మేనేజరు అక్కడే నిలబడి కాగితం మీద సంతకం పెట్టాడు. గడుగ్గాయి టీచరమ్మ రెండు చేతులూ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తనకూ ఏడుపు రావాలేమో అనుకుంది టీచరమ్మ. రాలేదు. "పిల్లకి జుట్టు బిగించి జడెయ్యకు, తలనొప్పొస్తుంది," అని మాత్రం అంది.

వెళ్లబోతూ మేనేజరు ఆగాడు. "మీలాంటివాళ్లు మా దగ్గరుంటే కంపెనీ ఎక్కడికో వెళ్లిపోయేది మేడమ్. వస్తారా?"

"ఇక్కడ వచ్చే బ్యాచ్ ఉంది బాబూ."

"పోనీ, కారులో ఇంటి దగ్గర దింపమంటారా? ఎలాగూ అటే వెళ్తున్నాను."

"వద్దు. నేనుండేది ఈ పక్కనే. నాలుగడుగులు వేస్తే వచ్చేస్తుంది."

సూపరింటెండెంట్ మేడమ్ ఏదో అనబోయి, ఫైలు మూసేసి అతన్ని గేటు దాకా సాగనంపడానికి వెళ్లింది.

టీచరమ్మ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. అరచేతిలో కాలిన గీత ఎర్రగా తేలింది. దాన్ని కాసేపు చూసి ఏప్రన్‌కు తుడుచుకుంది. వార్డరు మోకాళ్ల నొప్పుల గురించి చెప్పుకొస్తుంటే ఊ కొడుతూ వరండా చివరి దాకా నడిచింది. తన గదిలోకి వెళ్లి చెప్పులు విడిచి, మంచం మీద కూర్చుంది.

వార్డరు బయటి నుంచి తాళం వేసింది.