బకెట్టు పరీక్ష

“ఇప్పుడు నా మీద ఒక బకెట్టు నీళ్ళు కుమ్మరించమ్మా,” అన్నాడు రిటైరైన బస్సు డ్రైవరు, కొత్త జాకెట్ జిప్పు మెడదాకా లాక్కుని.

కొట్లో అమ్మాయి నోరెళ్ళబెట్టింది. “వాటర్‌ప్రూఫేనండీ! చీటీ మీద రాసుంది చూడండి.”

“చీటీకేం పోయింది? తడిసేది నేను కదా!”

కొట్టు వెనక మూడు జాకెట్లకు మూడు బకెట్లయ్యాయి. మొదటిది కుట్లలోంచి కారింది. రెండోది తడిసిన గోనెసంచిలా బరువు. మూడోది దూదిలా తేలిక, లోపలికి చుక్క దిగలేదు.

“ఏ కొండ ఎక్కుతున్నారు బాబాయ్?” అంది అమ్మాయి చేతులు తుడుచుకుంటూ.

“కొండా పాడా! జబ్బుపడి లేచాక మీ పిన్ని నవ్వడమే మానేసింది. ఆమధ్య తను మొక్కలకు నీళ్ళు పెడుతుంటే చేతిలో పైపు జారి నేను నిలువునా తడిశాను. కడుపు పట్టుకుని నవ్విందమ్మా! అప్పట్నుంచి రోజూ ఆ పైపుకి ఎదురెళ్తున్నాను. ఇంకోసారి తడిస్తే నిమ్ము చేస్తుందని నిన్న డాక్టరు కేకలేశాడు.”

అమ్మాయి ఆ మూడో జాకెట్ పక్కన పెట్టి, అదే రకంలో ఒక సైజు చిన్నది తీసింది.

“ఇది తీసుకోండి బాబాయ్. చొక్కా లోపల వేసుకుంటే పిన్నికి తెలీదు.”