ఇరవై మూడో పుట

కాటమరాజు టాక్సీ మూడోసారి మార్కాపురంలోని దేవరాజు షెడ్డు ముందు ఆగింది.

ఆగిందనడం కంటే, వగరుస్తూ వచ్చి కూలబడిందనడం సబబు.

గిద్దలూరు నుంచి పామూరు దాకా దేవరాజు చేతికి లొంగని ఇంజన్ లేదని పేరు. ఆ పేరును ఈ బండి నెల రోజులుగా పరీక్షిస్తోంది.

అతడు స్కానరు తగిలించాడు. తెర మీద పాత తప్పే కనబడింది. వాల్వులు తెరుచుకునే వేళను ఇంజన్ వేగాన్నిబట్టి మార్చే ఏర్పాటు ఒకటుంటుంది. అది సకాలంలో కదలడం లేదు. మొదటిసారి సెన్సారు మార్చాడు. రెండోసారి ఆ ఏర్పాటుకు ఆయిలు వదిలే చిన్న వాల్వు మార్చాడు. రెండుసార్లూ పది రోజులకే జబ్బు తిరగబెట్టింది.

ఇక టైమింగ్ చైను విప్పవలసిందేనని, నాలుగు రోజులు పడుతుందని తేల్చి చెప్పాడు.

కాటమరాజు ముఖం పాలిపోయింది. అతని తల్లి రామతులసమ్మను మంగళవారం, శుక్రవారం పెద్దారవీడు నుంచి ఒంగోలుకు డయాలసిస్ కోసం తీసుకుపోయేది ఆ బండిలోనే. బస్సులో కూర్చునే ఓపిక ఆమెకు లేదు. ఆనాడు బుధవారం.

"శుక్రవారానికి ఎట్లన్నా కావాల దేవరాజన్నా. నీతో కాదంటే చెప్పు, ఒంగోలుకు లాక్కపోతా."

ఆ చివరి మాట దేవరాజుకు ములుకులా నాటింది.

అప్పుడు బండిలోంచి ఒక ముసలావిడ దిగింది. కొమరోలులో చెయ్యెత్తి ఎక్కిన ప్రయాణికురాలు. నేత చీర, భుజాన గుడ్డ సంచి, దారం కట్టిన కళ్ళజోడు. తెరిచిన బానెట్ పక్కకు వచ్చి, కాసేపు చెవి ఒగ్గి నిలబడింది.

"పొద్దున చల్లగా ఉన్నప్పుడు టకటకమని ఉంటాది. ఎగువకు ఈడ్చలేకపోయినాది. ఏం ఆయిలు పోసినావు నాయనా?"

దేవరాజు మూలనున్న పీపా వైపు గడ్డంతో చూపాడు. ట్రాక్టర్లకైనా, బోరు బండ్లకైనా, కార్లకైనా అతడు పోసేది అందులోని చిక్కటి ఆయిలే. ఈ ఎండలకు చిక్కటిదే ఇంజనుకు బలమని ఆ చుట్టుపట్ల మెకానిక్కులందరి నమ్మకం.

"అదే పొయ్యాలని పుస్తకంలోనే ఉండాది పెద్దమ్మా."

ఆ పుస్తకం గోడ గూట్లో, దేవుడి పటం పక్కన ఉంది. ఎవరిదో చేతిరాత నోటుబుక్కుకు జిరాక్సు ప్రతి. ఆ ప్రాంతంలో షెడ్డు పెట్టిన ప్రతివాడూ దాన్ని చదివే పని నేర్చాడు. మొదటి పుట ఏనాడో చిరిగిపోయింది కనుక రాసినవారి పేరు ఎవరికీ తెలియదు. ఎవరో మహానుభావుడైన మాస్టారని అందరి ఊహ. ఏటా ఆయుధపూజనాడు స్పానర్లతో పాటు దానికీ దేవరాజు పసుపు, కుంకుమ పెడతాడు.

ముసలావిడ దానికోసం చెయ్యి చాపింది.

"ముట్టుకోవద్దమ్మా. అది అందరి చేతికీ ఇచ్చేది కాదు."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. నొచ్చుకున్నట్టు కనబడలేదు.

"అందులో ఇరవై మూడో పుట కొట్టెయ్యాల నాయనా. అది అంబాసిడర్ల కాలం నాటి మాట. ఇప్పటి బండ్లలో వాల్వుల వేళను మార్చేది ఆయిలే. వెంట్రుకంత దారుల్లో నీళ్ళు పోతాయి గాని, బెల్లప్పాకం పోతాదా?"

"పుస్తకాన్నే కొట్టెయ్యమంటావా? దీన్ని రాసినాయన కాలిగోటికి సరిపోతామా, నువ్వూ నేనూ?"

"సరిపోమేమోలే" అందామె, నవ్వు దాచుకుంటూ.

కింద పడి ఉన్న అట్టపెట్టె మూత చింపి, దాని మీద నాలుగు ముక్కలు రాసి, స్పానరు కింద పెట్టింది. అంతలో పామూరు బస్సు వచ్చింది. చెయ్యెత్తి ఆపి, ఎక్కి వెళ్ళిపోయింది.

దేవరాజు ఆ అట్టను ఊడ్చి పారవేసేవాడే. కాటమరాజు అడ్డుపడ్డాడు.

"ఆయమ్మ చెప్పింది చేస్తే పోయేదేముందన్నా? ఒక పూటే గదా."

అయిష్టంగానే దేవరాజు అట్ట మీదిది చదివాడు. పాత ఆయిలంతా దించు. చిన్న వాల్వు తీసి దాని జల్లెడ చూడు. ఏ ఆయిలు పోయాలో ఆయిలు మూత మీదే చదువు. చివరి వాక్యం కింద రెండు గీతలున్నాయి.

కొత్తగా వేసిన వాల్వు జల్లెడలో అప్పుడే నల్లటి జిగురు పేరుకుని ఉంది. ఆయిలు మూతను అతడు వెయ్యిసార్లు తిప్పి ఉంటాడు; దాని మీద అచ్చయిన అంకెను చదవడం అదే మొదటిసారి. ఆ అంకె చెప్పింది పలచటి ఆయిలు. జల్లెడ కడిగి, అదే పోశాడు.

గురువారం ఉదయం చల్లటి ఇంజన్ ఒక్క చప్పుడైనా లేకుండా అందుకుంది. కాటమరాజు దోర్నాల దాటి ఘాట్ ఎక్కించి, దించి తెచ్చాడు. స్కానరులో ఏ తప్పూ లేదు. శుక్రవారం రామతులసమ్మ వేళకు ఒంగోలు చేరింది.

ఆ సాయంత్రం దేవరాజు ఆ ముసలావిడ ఎవరని విచారించాడు. పేరు అడగలేదన్నాడు కాటమరాజు.

దేవరాజు గర్వి కావచ్చు గాని, తప్పు దిద్దుకోవడానికి వెనుదీసేవాడు కాడు. అట్టముక్కను పుస్తకంలో అంటించాలని, చేతులు కడుక్కుని, బంక తెచ్చుకుని, ఇరవై మూడో పుట తెరిచాడు.

"చిక్కని ఆయిలే వాడవలెను" అని ఉన్న వాక్యం కిందా రెండు గీతలే.

అట్టను దాని పక్కన ఆనించాడు.

అదే ఏటవాలు రాత, అవే గుండ్రటి తలకట్లు. ఆ పుటను కొట్టెయ్యమన్న చెయ్యే ఆ పుటను రాసిన చెయ్యి.