ఫోన్ రాసిన మాటలు

బట్టలు కుట్టే ఆమెకు చెవులు బొత్తిగా వినపడవు. ఎవరేం మాట్లాడినా అక్షరాల్లో చూపించే యాప్ ఒకటి కూతురు ఆమె ఫోన్‌లో పెట్టింది.

ఆ రాత్రి మంచం మీద పడుకుని ఆ యాప్ చూస్తుంటే, ఫోన్‌లో ఒక మాట పడింది.

"నిద్రపోయిందా?"

పక్కన భర్త మంచి నిద్రలో ఉన్నాడు. పెదవులు కదలడం లేదు.

"లేదు. మన మాటలే చదువుతోంది."

ఆమె భర్తను కుదిపి లేపి చూపించింది.

"పనికిమాలిన యాప్ అని మొదటిరోజే చెప్పానుగా," అన్నాడతను. ఆ మాటను ఫోన్ తప్పు లేకుండా రాసింది.

అతను ఫోన్ అందుకుని యాప్ తీసెయ్యబోతుంటే, "తీసెయ్యకండి," అని బతిమాలింది. అతను నవ్వుతూ తీసేశాడు. లైటు ఆర్పి, అటు తిరిగి పడుకున్నాడు.

చీకట్లో, భర్త లేని వైపు నుంచి, ఎవరో తాపీగా మాట్లాడుతున్నట్టు ఆమె చెవికి వెచ్చటి ఊపిరి తగులుతూ, ఆగుతూ, మళ్లీ తగులుతూ ఉంది.