ఊడని రెక్క

జడ్జి కోట బురుజు మీది చిన్న ప్లాస్టిక్ ఇటుకను గోటితో లేపబోయాడు. రాలేదు. బురుజు మీద వాలిన డ్రాగన్ రెక్క పట్టుకుని లాగాడు. కోటంతా కదిలింది గానీ రెక్క ఊడలేదు.

"జిగురు పెట్టారమ్మా. ముక్కలు ఊడదీసి మళ్లీ పెట్టేలా ఉంటేనే పోటీకి తీసుకుంటాం," అన్నాడు.

"నేను పెట్టలేదండీ," అంది ఆమె. ఎనిమిది నెలలు ఇటుక మీద ఇటుక పేర్చిన కోట అది. గెలిస్తే పై ఊళ్లో, బొమ్మల తయారీ సంస్థలో ఉద్యోగం.

వెనక నుంచి భర్త ముందుకొచ్చాడు. "నేనే అంటించానండీ, తను పుట్టింటికి వెళ్లినప్పుడు. కారు కుదుపులకి విరిగిపోతుందని భయమేసింది. ఈ రూల్సు నాకేం తెలుసు?"

"ఇంత ప్రేమగా చూసుకునే మొగుణ్ణి ఏమీ అనకమ్మా," అంది పక్క బల్ల ఆవిడ.

ఆమె కళ్లు తుడుచుకుని ఆయన చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కోటను మోసుకెళ్లి కారులో పెట్టారు.

"పోనీలెండి, మీకు ముందే చెప్పకపోవడం నాదే తప్పు. వచ్చే ఏడాది మళ్లీ కడతాను."

"కట్టు," అన్నాడు ఆయన సీటు బెల్టు పెట్టుకుంటూ. "ఆ రూల్సు కాగితంలో నాకు పనికొచ్చేవి ఇంకా పదకొండున్నాయి."

హాలు గుమ్మంలో నిలబడి పక్క బల్ల ఆవిడ జాలిగా చెయ్యి ఊపుతోంది. ఆయన కూడా దిగాలుగా మొహం పెట్టి ఊపాడు.