చవక బాణాలు

"ఇవి నీకు పొడుగు, పెద్దాయనా" అంది లోర్నా. "నీ విల్లుకు మరీ మెత్తన కూడా. గాల్లోకి వెళ్ళాక కుక్కతోకలా ఊగుతాయి."

"ధర చెప్పు" అన్నాడు ఆర్విడ్.

శనివారం దుప్పుల వేట మొదలు. విస్కాన్సిన్‌లోని ఆ లోయకంతటికీ విల్లు సామాను దొరికేది లోర్నా కొట్లోనే. పండగ ముందు బట్టల కొట్టులా కిటకిటలాడుతోంది. అందరి నోటా ఒకటే మాట. మొండికొమ్ము మళ్ళీ కనిపించిందట. మూడేళ్ళుగా ఎవరికీ చిక్కని దుప్పి అది.

"కొత్తవి ఆరు, ఎనభై డాలర్లు. నీ కప్పీల కాంపౌండ్ విల్లుకు కొలిచినట్టుంటాయి. పోనీ అల్యూమినియంవి తీసుకో, అరవైకిస్తాను."

"నా దగ్గరున్నది నలభై. ములుకులు కూడా అందులోనే రావాలి."

"నలభైతో దుప్పిని కొట్టలేవు. దాని బొమ్మ కొనుక్కోవచ్చు."

వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఆర్విడ్ నవ్వలేదు. భార్య పోయాక అతను నవ్వడం ఎవరూ చూడలేదు. ఆ బాణాలను కింద పెట్టనూ లేదు.

"అవి ఎవరో డజను చేయించుకుని, డబ్బు చాలక సగం వదిలేసినవి. పొడుగు చేతులవాడి కొలత. వాటికోసం నువ్వు విల్లు బిగువు తగ్గించుకోవాలి."

"తగ్గించుకుంటాను."

"విల్లుకు తగ్గ బాణం వెతికేవాళ్ళనే చూశాను. బాణానికి తగ్గట్టు విల్లును మార్చుకునేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా." లోర్నా తల అడ్డంగా ఊపింది. "సరే, ములుకులతో కలిపి నలభై. ఈ నారింజ ఈకలు పీకి నీ పచ్చవి అంటించనా?"

"దానికి మళ్ళీ డబ్బు. వద్దు."

"మరి దుప్పి పడితే ఎవరిదంటారు? ఈకల రంగు చూసేగా ఇక్కడ తగువు తీర్చేది?"

"ముందు పడనీ."

తలుపు గంట మోగింది. వచ్చినవాడు డెల్మర్, ఆర్విడ్ భార్య ఆర్డిస్‌కు అన్న. వంగి లోపలికి వచ్చాడు. అంత పొడుగు. కుడి భుజం మాత్రం విరిగిన కొమ్మలా వేలాడుతోంది. ఆర్విడ్ చటుక్కున బాణాలను కోటులో చుట్టేశాడు.

"ఏం దాస్తున్నావు బావా?"

"నీకెందుకు బావా?"

"మొండికొమ్ము కోసమేగా? ఆశ వదులుకో. ఈ ఏడు అది నాది. వేట కాగానే నా భుజం కోస్తారు. ఆ తర్వాత విల్లు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు."

"ఆ సంగతి దానికి చెప్పు. జాలిపడి ఎదురుగా వచ్చి నిలబడుతుంది."

కొట్టంతా గొల్లుమంది. డెల్మర్ కూడా నవ్వబోయి ఆగిపోయాడు.

ఆ దుప్పిని మొదట చూసింది ఆర్డిస్. మంచం పట్టి, కిటికీలోంచి చూసి పేరు పెట్టింది. "దీన్ని నువ్వే కొట్టాలి అన్నయ్యా" అంది. కిందటేడు వేట మొదలైన పొద్దున, పక్కన కూర్చున్న డెల్మర్‌ని తనే తరిమింది. ఆమె పోయిన పూట డెల్మర్ దుప్పి కోసం మాటేసి చెట్టు మీద ఉన్నాడు.

"తనే వెళ్ళమంది బావా" అన్నాడు డెల్మర్, గొంతు తగ్గించి.

"వెళ్ళమంటే వెళ్ళడమేనా?"

ఆర్విడ్ డబ్బు బల్లమీద పెట్టి బయటికి నడిచాడు. "ఇంకేముంది, మొండికొమ్మును ఈయన కొట్టేస్తాడు. పగ అలాంటిది" అన్నారు వెనక ఎవరో.

వారమంతా ఆర్విడ్ గడ్డిమోపుకు గురిపెట్టాడు. మొదటిరోజు బాణాలు ఊగుతూ పోయాయి. విల్లు మరలు కాస్త కాస్త వదులు చేశాడు. శుక్రవారానికి ఆరూ ఒక్కచోట దిగాయి. అంత గురి కుదరడం కుర్రతనం తర్వాత మళ్ళీ ఇప్పుడే.

శనివారం తెల్లారేసరికి వాగుకు ఈ ఒడ్డున ఆర్విడ్, ఆ ఒడ్డున కాస్త ఎగువన డెల్మర్, చెరో చెట్టు మీద ఉన్నారు. మంచు విచ్చుకుంటోంది. పొదలు కదిలాయి. ముందు ఒక నిండు కొమ్ము, తర్వాత సగమే ఎదిగిన రెండోది. మొండికొమ్ము నీళ్ళలోకి దిగింది. ఆర్విడ్ బాణం ఎక్కుపెట్టాడు. అవతల డెల్మర్ విల్లు లాగుతున్నాడు. భుజం వణకడం ఇక్కడికే కనిపిస్తోంది.

రెండు తీగలు దాదాపు ఒక్కసారే మోగాయి. దుప్పి గిర్రున తిరిగి, ఎగిరి, ఆ ఒడ్డు ఎక్కి పొదల్లో కూలింది.

డెల్మర్ చెట్టు దిగి పడుతూ లేస్తూ పరిగెత్తాడు. ఆర్విడ్ మోకాలిలోతు నీళ్ళు దాటి వెళ్ళేసరికి దుప్పి పక్కన కూలబడి ఉన్నాడు. పక్కటెముకల దగ్గర దిగిన బాణాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"నారింజ ఈకలు. చూడు బావా, నావే."

"కనిపిస్తోందిలే."

"కొట్టాను బావా. ఈ వెధవ భుజంతోనే కొట్టాను." నవ్వుతున్నాడు, ముక్కు ఎగబీలుస్తున్నాడు. "నీది ఎటు పోయింది?"

"ఎటో పోయింది. చవక బాణాలు."

"ఇంకో నలభై పెట్టుంటే ఇది నీదయ్యేది, పిసినారీ." డెల్మర్ కళ్ళు తుడుచుకున్నాడు. "ఆర్డిస్ చూసుంటే..."

"తన పేరెత్తకు. పోయి ట్రక్కు తీసుకురా."

డెల్మర్ ఈల వేసుకుంటూ గట్టెక్కాడు. ఈల దూరమయ్యేదాకా ఆర్విడ్ కదల్లేదు. తర్వాత వాగు దాటి తన వైపు ఒడ్డుకు వచ్చాడు. అక్కడ బురదలో సగం దాకా దిగబడిన బాణాన్ని పీకి, నారింజ ఈకలు కనబడకుండా కోటులోకి తోశాడు.

అది డెల్మర్‌ది.