ఆదెయ్య చేతి ముద్ద

“వీడు ఆదెయ్య కాదు,” అంది గురవమ్మ, నోటి దగ్గరికొచ్చిన ముద్దని చేత్తో నెట్టేసి.

“నేనే నాయనమ్మా. క్వారీ నుంచి సరాసరి వస్తన్నా,” అన్నాడు కుర్రాడు. దాచేపల్లి సున్నపురాయి దుమ్ము ఇంకా అతని జుట్టులోనే ఉంది.

“కాదు. నా మనవణ్ణి నేనెరగనా?”

నరసమ్మ అత్తగారి మూతి తుడిచింది. “నీ మనవడేనత్తా. తిను.”

మెదడు ఎండిపోయే జబ్బని, మందు లేదని నరసరావుపేట డాక్టరు ముందే చెప్పాడు. అన్నట్టే ఒక్కోటీ పోతూ వచ్చింది. మొదట పొయ్యి మీద పెట్టిన పాలు మర్చిపోయింది. తర్వాత పుట్టిన ఊరి పేరు, కట్టుకున్న మొగుడి పేరు. ఇప్పుడు కోడల్ని పట్టుకుని ‘ఎవరమ్మా నువ్వు’ అంటోంది. నడక పోయింది, మింగడమూ కష్టమైంది. కానీ తల్లి కూలికి పోతే పొత్తిళ్ల నుంచీ తనే పెంచిన ఆదెయ్య మాత్రం ఆమె మనసులోంచి పోలేదు. పొద్దుగూకితే వాడే కావాలి. వాడు పెడితేనే తింటానంటుంది. తీరా కుర్రాడొచ్చి పక్కన కూర్చుంటే కాదంటుంది. కాదంటూనే, బతిమాలితే నాలుగు ముద్దలు తింటుంది.

ఆ రోజు అతను కంచం అక్కడే పెట్టి వాకిట్లోకి వచ్చేశాడు.

“ఇంక నా వల్ల కాదు. అట్టా మొహంలోకి చూసి కాదంటంటే తట్టుకోలేకపోతన్నా.”

“నువ్వూ మానుకుంటే ఆ ముసల్ది పస్తులతో పోద్దిరా.” నరసమ్మ అతని చెయ్యి పట్టుకుంది. “నా మొహం చూసి రా, నాయనా.”

అతను మళ్లీ లోపలికి వెళ్లాడు.

మాఘం వెళ్లేసరికి గురవమ్మ మంచానికి అంటుకుపోయింది. ఒక సాయంత్రం అతను గంజి పట్టబోతుంటే గడ్డం పట్టుకుని చానాసేపు చూసింది.

“ఆదెయ్యా, వచ్చావా? ఇంత ఆలస్యమైందేందిరా?”

కుర్రాడికి కన్నీళ్లు ఆగలేదు. చెంచా చెంచాగా గిన్నెడు గంజీ తాగించాడు. నరసమ్మ మాత్రం గోడకి చేరగిలబడి ఉండిపోయింది.

తెల్లారేసరికి గురవమ్మ ప్రాణం పోయింది.

“ఏడవకే నరసమ్మా,” అంది పక్కింటి రామాయమ్మ. “పోతూపోతూ ‘ఆదెయ్యా’ అని నోరారా పిలుచుకుని తృప్తిగా పోయింది.”

“తృప్తి కాదు పిన్నీ. ఉన్న ఆ ఒక్క తెలివీ నిన్ననే పోయింది. క్వారీలో వాడితో పనిచేసిన కుర్రాణ్ణి పట్టుకుని ఆదెయ్యా అంది.”

ఆదెయ్య చనిపోయి అప్పటికే ఏడాది దాటింది.