కంచె ఇవతల

“గౌరవం!” జెముడు కంచె ఇవతల నిలబడి కేకేశాడు క్లెర్విల్.

బదులు లేదు. మా జాక్మెల్ కొండల్లో లోపలి మనిషి “మర్యాద!” అంటే తప్ప ఎవరూ ఎవరి వాకిట్లోనూ కాలు పెట్టరు. పెడితే దొంగ కింద లెక్క.

“గట్టిగా పిలవండి. వదినకి వినపడలేదేమో,” అంది భార్య ఓదెత్.

“మా అక్క సిల్ఫిడాకా? సంతలో పక్క వరస బేరాలు కూడా వింటుంది! తలుపు బార్లా తెరిచి ఉంది, కాఫీ గింజలు వేగుతున్న వాసన కొడుతోంది. లోపలే ఉంది మహారాణి.”

“తప్పు మీదే. మీ అమ్మ శవం దగ్గర ఆవిడ నాలుగు మాటలు చెప్పబోతే, పట్నం వాళ్ల ముందు ‘క్రియోల్‌లో వాగి పరువు తీయకు’ అని నోరు నొక్కేశారు. హైతీ గడ్డ మీద పుట్టి ఫ్రెంచిలో ఊదరగొట్టారు.”

క్లెర్విల్ మొహం గంటు పెట్టుకున్నాడు. ఆ రోజే అక్క అందరి ముందూ ఒట్టేసింది: తన గుమ్మం ముందుకొచ్చి మన భాషలో పిలిస్తేనే బదులిస్తానని, అంతవరకూ తనకు తమ్ముడు లేడని. మొండితనంలో ఆ అక్కాతమ్ముళ్లు ఒకరికొకరు తీసిపోరు. కానీ శనివారం అతని కూతురి పెళ్లి. ఎత్తుకుని పెంచిన మేనత్త రాకపోతే చర్చిలో అడుగుపెట్టనని ఆ పిల్ల భీష్మించుకుంది. అందుకే పొగరు దిగమింగుకుని వచ్చాడు.

“గౌరవం, అక్కా! మన భాషలోనే పిలుస్తున్నా. విన్నావా?”

లోపల రేకు గ్లాసు ఠంగున నేల మీద పడి దొర్లింది.

“చూశావా? గిన్నెలు విసురుతోంది!”

“గింజలు మాడుతున్నాయండీ. ఒక్కసారి లోపలికెళ్లి...”

“రమ్మనని ఇంట్లో దూరడానికి నేనేం కుక్కనా? అటు చూడు, పక్కింటివాళ్లు నవ్వుకుంటున్నారు!”

ఓదెత్ తడిక మీద చెయ్యి వేసింది. అతను ఆ చెయ్యి విసిరికొట్టాడు.

“ఇదే ఆఖరు. గౌరవం!”

చప్పుడు లేదు. క్లెర్విల్‌కి ఒళ్లు మండిపోయింది.

“ఇవాళ్టితో నువ్వు నాకు చచ్చినదానితో సమానం! పెళ్లి దరిదాపుల్లో నీ మొహం కనపడిందో, గెంటిస్తాను!”

కొండంతా వినపడేలా తిట్టి, భార్యని రెక్క పుచ్చుకుని కిందికి ఈడ్చుకుపోయాడు.

పొయ్యి పక్కన, మూతి వంకరపోయి పడి ఉన్న సిల్ఫిడా “మర్యాద” అనడానికి ఇంకా పెనుగులాడుతూనే ఉంది.